మిగులు కర్బన ఉద్గారాలు

మిగులు కర్బన ఉద్గారాలు అనగా ఒక సంస్థ తన హరితగృహ వాయువులను తగ్గించుకోగలిగినంత తగ్గించుకొన్న తరువాత కూడా ఇంకా వాతావరణంలోకి చేరుతూ ఉండే భాగం. బొగ్గు, డీజిలు, సహజవాయువు వంటి ఇంధనాలను మండించినపుడు, సున్నపురాయిని కాల్చినపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. దీనినే కార్బన్ డయాక్సైడ్ అని కూడా అంటారు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మొదలగు ఇతర వాయువులను కూడా వాటి వేడిమి ప్రభావాన్ని బట్టి బొగ్గుపులుసు వాయువుకు సమానమైన టన్నులలోకి మార్చి లెక్కిస్తారు.

ఈ మిగులుకు సంస్థ ఎట్లు బాధ్యత వహించవలెను అన్నది 1980ల చివరి నుండి చర్చలో ఉన్న విషయం. ప్రధానంగా మూడు మార్గాలు ఆచరణలో ఉన్నాయి. మొదటిది, వేరొకచోట జరిగిన తగ్గింపును క్రెడిట్ల రూపంలో కొని తన ఉద్గారాలకు చెల్లు వేసుకొనుట. రెండవది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును వెనుకకు తీసి నిలువ చేయుటకు చెల్లించుట. మూడవది, చెల్లు అనే మాట లేకుండా, తాను విడుదల చేసిన ప్రతి టన్నుకు తానే ఒక ధర విధించుకొని ఆ సొమ్మును వాతావరణ పరిరక్షణకు వెచ్చించుట. ఈ మూడింటికీ ఉన్న భేదం ధరలో మాత్రమే కాక, సంస్థ ప్రజలకు ఇచ్చే మాటలో కూడా ఉన్నది.

నిర్వచనం

"మిగులు" అన్న మాటను రెండు అర్థాలలో వాడుతున్నారు. ఈ రెండింటినీ కలిపివేయుట వలన అనేక అపోహలు కలుగుతున్నాయి.

1. దారిలోని మిగులు: సంస్థ తగ్గింపు ప్రణాళికను అమలు చేస్తూ ఉండగా ఈ సంవత్సరం ఇంకా వెలువడుతున్నది. ఇందులో చాలా భాగం మున్ముందు తగ్గించదగినదే.
2. తుది మిగులు: తెలిసిన ఉపాయాలన్నీ వాడిన తరువాత కూడా తప్పించలేనిది.

తుది మిగులుకు సిమెంటు మంచి ఉదాహరణ. సిమెంటు తయారీలో సున్నపురాయిని తీవ్రమైన వేడికి గురిచేస్తారు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలితే 56 కిలోల సున్నం, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తాయి. ఈ 44 కిలోలు రాతిలో నుండి వచ్చినవే కాని ఇంధనం నుండి వచ్చినవి కావు. కనుక బట్టీని సౌరవిద్యుత్తుతో వేడిచేసినా ఈ వాయువు తప్పదు. సిమెంటు పరిశ్రమ ఉద్గారాలలో సగానికి పైగా ఇట్లు రాతి నుండే వస్తున్నాయి. సున్నపురాయి నిక్షేపాలు మెండుగా ఉన్న నల్గొండ, పల్నాడు, కర్నూలు, కడప ప్రాంతాలలోని సిమెంటు కర్మాగారాలకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఫ్లైయాష్, స్లాగు కలిపి క్లింకరు పాలు తగ్గించవచ్చును కాని పూర్తిగా తొలగించుట కష్టం. విమానయానం, ఉక్కు, ఎరువుల తయారీలలో కూడా ఇటువంటి చిక్కులే ఉన్నాయి.

దీనికి భిన్నంగా, ఒక కార్యాలయ భవనంలోని దీపాలు, శీతలీకరణ, ఉద్యోగుల వాహనాల వలన కలిగే ఉద్గారాలు తుది మిగులు కావు. వాటిని తగ్గించుటకు ఉపాయాలు నేడే అందుబాటులో ఉన్నాయి. సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ 2021 అక్టోబరులో ప్రకటించిన నెట్ జీరో ప్రమాణం ప్రకారం, చాలా కంపెనీలు 2050 లోపల తమ ఉద్గారాలను కనీసం 90 శాతం తగ్గించుకోవలెను. శేషించిన 10 శాతం లోపు భాగాన్ని మాత్రమే తుది మిగులుగా పరిగణించి, అంత వాయువును గాలి నుండి తొలగించి నిలువ చేయవలెను.

లెక్కింపు

బాధ్యత వహించుటకు ముందు ఎంతకు బాధ్యత అన్నది తేలవలెను. ఇందుకు అత్యధికంగా వాడుకలో ఉన్నది గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. దీనిని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, వరల్డ్ బిజినెస్ కౌన్సిల్ ఫర్ సస్టైనబుల్ డెవలప్‌మెంట్ కలిసి 2001లో తొలిసారి ప్రచురించాయి. సవరించిన ప్రతి 2004లో వెలువడినది. ఇది ఉద్గారాలను మూడు పరిధులుగా విభజిస్తుంది.

* పరిధి 1: సంస్థ సొంత బాయిలర్లు, జనరేటర్లు, బట్టీలు, వాహనాల నుండి నేరుగా వెలువడేవి.
* పరిధి 2: కొనుగోలు చేసిన విద్యుత్తు, ఆవిరి వంటివాటి తయారీలో వెలువడినవి.
* పరిధి 3: ముడిసరుకు, రవాణా, ఉద్యోగుల ప్రయాణాలు, అమ్మిన వస్తువుల వాడకం మొదలైనవాటి వలన సంస్థ వెలుపల కలిగేవి.

పరిధి 3కు ప్రత్యేక ప్రమాణం 2011లో వచ్చినది. అనేక కంపెనీలలో ఇదే అతిపెద్ద భాగం. ఉదాహరణకు ఒక పెట్రోలు కంపెనీ శుద్ధి కర్మాగారంలో వెలువడేదాని కంటె, అది అమ్మిన పెట్రోలు వాహనాలలో మండినపుడు వెలువడేది ఎన్నో రెట్లు ఎక్కువ. పరిధి 3ను వదలివేసి "మా మిగులుకు మేము బాధ్యత వహించాము" అని చెప్పుకొన్న సంస్థ తన ఉద్గారాలలో చిన్న భాగాన్ని గురించి మాత్రమే మాట్లాడుతున్నదని గ్రహించవలెను.

చరిత్ర

వేరొకచోట చెట్లు పెంచి ఇక్కడి పొగకు చెల్లు వేయవచ్చునన్న ఆలోచన కార్యరూపం దాల్చినది 1989 ప్రాంతంలో. అమెరికాలోని ఏఈఎస్ అనే విద్యుత్ కంపెనీ కనెక్టికట్ రాష్ట్రంలో బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం కట్టుచూ, దాని ఉద్గారాలకు బదులుగా గ్వాటెమాలా దేశంలో రైతుల పొలాలలో చెట్లు పెంచే పథకానికి కేర్ అనే సేవాసంస్థ ద్వారా ధనం సమకూర్చినది.

1997లో కుదిరిన క్యోటో ఒప్పందం 2005 ఫిబ్రవరి 16న అమలులోకి వచ్చినది. ఇందులోని 12వ అధికరణం క్రింద పరిశుద్ధ అభివృద్ధి యంత్రాంగం ఏర్పడినది. దీని ప్రకారం ధనిక దేశాలు వర్ధమాన దేశాలలోని తగ్గింపు ప్రాజెక్టుల నుండి క్రెడిట్లు కొని తమ లక్ష్యాలకు జమ చేసుకొనవచ్చును. ప్రాజెక్టుల సంఖ్యలో చైనా తరువాత భారతదేశం రెండవ స్థానంలో నిలిచినది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఊక, చెరకు పిప్పి వంటి వ్యవసాయ వ్యర్థాలతో నడిచే విద్యుత్కేంద్రాలు అనేకం ఇందులో నమోదయ్యాయి. 2012 చివరకు ఈ క్రెడిట్ల ధర టన్నుకు ఒక యూరో కంటె తక్కువకు పడిపోయినది.

ప్రభుత్వ నిర్బంధం లేకుండా కంపెనీలు తమంతట తాము కొనే స్వచ్ఛంద విపణి కూడా ఇదే కాలంలో పెరిగినది. 2003లో గోల్డ్ స్టాండర్డ్ ప్రమాణం వెలువడినది. 2005లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు తనను తాను కర్బన తటస్థ సంస్థగా ప్రకటించుకొన్నది. గూగుల్ సంస్థ 2007 నుండి ఇదే మాట చెప్పుకొన్నది. 2006లో ఒక ప్రముఖ అమెరికన్ ఆంగ్ల నిఘంటువు "కార్బన్ న్యూట్రల్" అన్న మాటను ఆ సంవత్సరపు పదంగా ఎంపిక చేసినదంటే దాని ప్రచారం ఊహించవచ్చును.

2015 నాటి పారిస్ ఒప్పందంలోని 6వ అధికరణం దేశాల మధ్య క్రెడిట్ల బదిలీకి కొత్త ప్రాతిపదిక వేసినది. దీని నియమాలు 2021లో గ్లాస్గో సదస్సులోను, మిగిలినవి 2024లో బాకూ సదస్సులోను ఆమోదం పొందాయి. ఒకే తగ్గింపును అమ్మిన దేశం, కొన్న దేశం రెండూ తమ ఖాతాలో వేసుకొనకుండా లెక్కలు సరిదిద్దుకొనుట ఈ నియమాలలో ముఖ్యమైనది.

బాధ్యత వహించే మార్గాలు

క్రెడిట్లతో చెల్లు వేయుట

ఒక కర్బన క్రెడిట్ ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు తగ్గింపునకు లేదా తొలగింపునకు గుర్తు. అడవి నరికివేతను ఆపుట, మెరుగైన వంటపొయ్యిలు పంచుట, గోబర్ గ్యాస్ ప్లాంట్లు నిర్మించుట, పవన విద్యుత్తు ఉత్పత్తి చేయుట మొదలైన పనుల వలన ఇవి పుడతాయి. కొన్న సంస్థ క్రెడిట్‌ను రిజిస్ట్రీలో శాశ్వతంగా రద్దు చేయించి, అంత మేరకు తన ఉద్గారాలు తీరినట్లు చెప్పుకొంటుంది.

ఈ పద్ధతికి ఆధారం "ఒక టన్నుకు ఒక టన్ను సమానం" అన్న భావన. వాతావరణానికి సంబంధించినంత వరకు టన్ను ఎక్కడ తగ్గినా ఒకటే అన్నది నిజమే. అయితే విడుదలైన టన్ను కొలిచి చూపగలిగినది. క్రెడిట్‌లోని టన్ను మాత్రం "ఈ ప్రాజెక్టు లేకుంటే ఏమి జరిగి ఉండేది" అన్న ఊహపై ఆధారపడినది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

తొలగించి నిలువ చేయుట

తొలగింపు పద్ధతులలో కొన్ని స్వల్పకాలికమైనవి, కొన్ని దీర్ఘకాలికమైనవి.

* చెట్ల పెంపకం: చవకైనది. పశువులకు, నేలకు, రైతుకు ఇతర లాభాలు కూడా ఉన్నాయి. కాని చెట్టు నరికినా, కాలినా, ఎండినా అందులోని కర్బనం తిరిగి గాలిలో కలుస్తుంది.
* బయోచార్: పత్తి కట్టె, వరి ఊక, సర్కారు తుమ్మ వంటివాటిని గాలి అందకుండా కాల్చి చేసిన బొగ్గును నేలలో కలుపుట. సరిగా కాల్చిన బొగ్గులోని కర్బనం చాలా భాగం వందల సంవత్సరాలు నిలిచి ఉంటుంది.
* రాతిపొడి చల్లుట: దక్కను పీఠభూమిలో విస్తారంగా దొరికే బసాల్ట్ వంటి నల్లరాతిని మెత్తని పొడి చేసి పొలాలలో చల్లితే, వాననీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువుతో అది చర్య జరిపి బైకార్బనేటుగా మారుతుంది. భారతదేశంలోని చిన్న రైతుల పొలాలలో ఈ పని చేస్తున్న మతి కార్బన్ అనే సంస్థకు 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రైజ్ కర్బన తొలగింపు పోటీలో 5 కోట్ల డాలర్ల ప్రథమ బహుమతి లభించినది.
* గాలి నుండి నేరుగా పట్టుట: యంత్రాలతో గాలిని వడకట్టి వాయువును భూగర్భంలోని రాతిపొరలలోకి పంపుట. ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ సంస్థ 2021లో ప్రారంభించిన ఓర్కా కేంద్రపు రూపకల్పన సామర్థ్యం ఏడాదికి 4,000 టన్నులు; 2024లో ప్రారంభమైన మమ్మత్ కేంద్రానిది 36,000 టన్నులు. ప్రపంచంలో శిలాజ ఇంధనాల నుండి ఏటా వెలువడేది 3,700 కోట్ల టన్నులకు పైగా. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన ఉంచి చూస్తే, తొలగింపు తగ్గింపునకు బదులు కాజాలదని తెలుస్తుంది.

గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువులో గణనీయమైన భాగం వేల సంవత్సరాలు నిలిచి ఉంటుంది. కనుక శిలాజ ఇంధనం నుండి వచ్చిన టన్నుకు, అంతకాలం నిలిచే తొలగింపే సరియైన జోడు అన్నది శాస్త్రజ్ఞులు చెప్పే సూత్రం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో వెలువరించి 2024లో సవరించిన మార్గదర్శక సూత్రాలలో, కంపెనీలు క్రమంగా తగ్గింపు క్రెడిట్ల నుండి తొలగింపు వైపు, అందులోను దీర్ఘకాలిక నిలువ వైపు మరలవలెనని సూచించారు. దీర్ఘకాలిక తొలగింపు ఖరీదైనది కనుక, తొలి కొనుగోలుదారులు ముందుగా మాట ఇచ్చి దాని అభివృద్ధికి తోడ్పడుట కూడా ఒక విధమైన బాధ్యతే. 2022లో స్ట్రైప్, ఆల్ఫాబెట్, షాపిఫై, మెటా, మెకిన్సీ సంస్థలు కలిసి ఫ్రాంటియర్ పేరిట 92.5 కోట్ల డాలర్ల కొనుగోలుకు హామీ ఇచ్చినది ఈ ఉద్దేశంతోనే.

తనకు తాను ధర విధించుకొనుట

కొన్ని కంపెనీలు తమ విభాగాల నుండి ప్రతి టన్నుకు రుసుము వసూలు చేసి ఒక నిధిగా కూడబెడతాయి. మైక్రోసాఫ్ట్ 2012 నుండి ఈ పద్ధతిని పాటిస్తున్నది. స్విస్ రీ అనే బీమా సంస్థ 2021 నుండి టన్నుకు 100 డాలర్ల రుసుము విధించి, 2030 నాటికి దానిని 200 డాలర్లకు పెంచుతామని ప్రకటించినది. ఈ రుసుము రెండు విధాల పనిచేస్తుంది. ప్రయాణాలు, విద్యుత్తు వాడకం భారమై విభాగాలు తమంతట తామే తగ్గించుకొంటాయి. మిగిలినదానికి చెల్లించిన సొమ్ము నిధిలో చేరుతుంది.

ఈ నిధిని అడవుల రక్షణకు, పరిశోధనకు, తొలగింపునకు ఖర్చుచేసి, "మా ఉద్గారాలు ఇన్ని టన్నులు, వాటి నిమిత్తం ఇంత వెచ్చించాము" అని మాత్రమే ప్రకటించుటను తోడ్పాటు పద్ధతి అంటారు. ఇక్కడ సంస్థ తన టన్నులను లెక్క నుండి తీసివేయదు.

ఒక ఊహాజనిత ఉదాహరణ

ఏటా 10,000 టన్నులు విడుదల చేసే ఒక సంస్థను ఊహించుకొందాము. ఈ క్రింది ధరలన్నీ ఉదాహరణ కొరకు తీసుకొన్నవే.

మొదటి మార్గంలో ఆ సంస్థ టన్ను 4 డాలర్ల చొప్పున 10,000 క్రెడిట్లు కొంటుంది. ఖర్చు 40,000 డాలర్లు. మరునాటి నుండి "మేము కర్బన తటస్థం" అని ప్రకటిస్తుంది. ఆ క్రెడిట్లలో పదింట ఒకటి మాత్రమే నిజమైనదని తరువాత తేలితే, 9,000 టన్నులకు ఎవరూ బాధ్యులు కాకుండా పోయినట్లే.

రెండవ మార్గంలో అది టన్నుకు 100 డాలర్ల రుసుము విధించుకొంటుంది. నిధి 10 లక్షల డాలర్లు. ఇందులో సగం సొంత భవనాల శీతలీకరణను మార్చుటకు, పైకప్పులపై సౌరఫలకాలకు పోతుంది. 2,50,000 డాలర్లతో టన్ను 25 డాలర్ల చొప్పున అడవుల ప్రాజెక్టులకు చెల్లిస్తే 10,000 టన్నుల క్రెడిట్లు వస్తాయి. అందులో సగమే నిజమని కఠినంగా లెక్కవేసినా 5,000 టన్నులు. మిగిలిన 2,50,000 డాలర్లతో టన్ను 500 డాలర్ల చొప్పున 500 టన్నుల దీర్ఘకాలిక తొలగింపు. ఈ సంస్థ తాను తటస్థమని చెప్పుకోలేదు. అయినా మొదటి సంస్థ కంటె వాతావరణానికి ఎక్కువ మేలు చేసినది. మరుసటి సంవత్సరం దాని సొంత ఉద్గారాలు కూడా తగ్గుతాయి.

మంచి క్రెడిట్ లక్షణాలు

* అదనపుతనం: క్రెడిట్ల సొమ్ము లేకుంటే ఆ పని జరిగి ఉండేది కాదు అని నిరూపించగలగవలెను. ఎట్లాగూ లాభసాటి అయిన పవన విద్యుత్కేంద్రానికి క్రెడిట్లు ఇచ్చుట వలన వాతావరణానికి కొత్తగా కలిగే మేలు లేదు.
* శాశ్వతత్వం: నిలువ చేసిన కర్బనం తిరిగి గాలిలో కలవరాదు. 2021లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో చెలరేగిన బూట్‌లెగ్ కార్చిచ్చులో, అప్పటికే క్రెడిట్లు అమ్ముడైన అడవులు కూడా కాలిపోయాయి. ఇటువంటి నష్టాల కొరకు కొన్ని క్రెడిట్లను అమ్మకుండా రక్షణ నిలువగా ఉంచుతారు.
* లీకేజీ లేకుండుట: ఒక అడవిలో నరికివేత ఆపితే అది పక్క అడవికి మరలరాదు.
* ఒకే లెక్క: ఒకే టన్నును ఇద్దరు చెప్పుకొనరాదు.
* స్థానికుల హక్కులు: భూమి, అడవి మీద ఆధారపడినవారి సమ్మతి, వారికి న్యాయమైన వాటా ఉండవలెను.

తెలుగు రాష్ట్రాలలో

పవర్‌గూడ

నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గ్రామం ఈ విషయంలో ప్రపంచ దృష్టిని ఆకర్షించినది. ఇక్కడి మహిళా స్వయంసహాయక సంఘాలు పొలాల గట్ల వెంట కానుగ మొక్కలు నాటి, కానుగ గింజల నుండి నూనె తీయుట ప్రారంభించాయి. ఈ పనిలో హైదరాబాదు సమీపంలోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ తోడ్పాటు ఉన్నది. కానుగ నూనె డీజిలుకు బదులుగా వాడదగినది. పది సంవత్సరాలలో రాబోయే సుమారు 51 టన్నుల నూనె డీజిలు స్థానంలో వాడినందువలన 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్కకట్టారు. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ కార్యశాలకు హాజరైనవారి ప్రయాణాల వలన కలిగిన ఉద్గారాలకు బదులుగా ప్రపంచ బ్యాంకు ఈ 147 టన్నులను కొని, గ్రామ మహిళలకు 645 డాలర్లు చెల్లించినది.

ఈ ఉదంతంలో మంచి, చిక్కు రెండూ కనిపిస్తాయి. మధ్యవర్తుల చేతికి పోకుండా సొమ్ము నేరుగా మహిళలకు అందినది. కానుగ నూనెతో గ్రామానికి ఆదాయం వచ్చినది. అయితే టన్నుకు పడిన ధర సుమారు 4 డాలర్ల 40 సెంట్లు మాత్రమే. అంతేకాక విమాన ప్రయాణాల ఉద్గారాలు కొద్ది రోజులలోనే గాలిలో కలిశాయి. వాటికి బదులు చెప్పవలసిన తగ్గింపు మాత్రం రాబోయే పది సంవత్సరాలలో, చెట్లు పెరిగి కాసి, నూనె డీజిలుకు బదులుగా వాడితేనే జరుగుతుంది. కొన్నవారి లెక్క ఆ రోజే తీరినది, మాట నిలబెట్టవలసిన పని మాత్రం గ్రామస్థుల మీద మిగిలినది. క్రెడిట్ల విధానంలో బాధ్యత ఎవరి భుజాలపై పడుతున్నదన్న ప్రశ్నకు ఇది స్పష్టమైన దృష్టాంతం.

అరకు లోయ

అరకు లోయలో నాంది ఫౌండేషన్, ఫ్రాన్సుకు చెందిన లైవ్లీహుడ్స్ నిధి కలిసి ఆదివాసీ రైతుల భూములలో లక్షలాది పండ్ల చెట్లు, నీడ చెట్లు, కాఫీ మొక్కలు పెంచే ప్రాజెక్టు చేపట్టాయి. డానోన్ వంటి కంపెనీలు ఈ నిధిలో పెట్టుబడి పెట్టాయి. మొక్కల ఖర్చు ముందుగా నిధి భరిస్తుంది. చెట్లు పెరిగిన కొద్దీ తనిఖీ జరిగి క్రెడిట్లు దానికి చేరుతాయి. పంట పూర్తిగా రైతులదే. మొక్కలు బతకకుంటే నష్టపోయేది మొదట పెట్టుబడిదారు. పవర్‌గూడ లావాదేవీతో పోల్చితే ఇందులో కాలపు భారాన్ని కొనుగోలుదారు పంచుకొంటున్నాడు.

ఇన్ఫోసిస్

ఇన్ఫోసిస్ సంస్థ 2020లో తాను కర్బన తటస్థమైనట్లు ప్రకటించినది. గోబర్ గ్యాస్ ప్లాంట్లు, మెరుగైన పొయ్యిలు వంటి గ్రామీణ ప్రాజెక్టుల క్రెడిట్లు ఇందులో భాగం. వాటి కంటె ముందు సొంత వాడకం తగ్గించుటకు ఆ సంస్థ చేసిన ప్రయోగాలు గమనింపదగినవి. హైదరాబాదు ప్రాంగణంలో ఒకే భవనాన్ని రెండు సమభాగాలుగా చేసి, ఒక సగంలో మామూలు ఎయిర్ కండిషనింగ్, రెండవ సగంలో శ్లాబులో అమర్చిన గొట్టాల గుండా చల్లని నీరు పారించే పద్ధతి ఏర్పరచారు. రెండవ సగంలో శీతలీకరణకు సుమారు మూడవ వంతు తక్కువ విద్యుత్తు ఖర్చయినట్లు తేలినది. అప్పటి వరకు తప్పనిసరి మిగులుగా తోచినదానిలో కొంత నిజానికి తగ్గించదగినదే అని ఇది చూపినది.

విమర్శలు

పరిశుద్ధ అభివృద్ధి యంత్రాంగంపై జర్మనీకి చెందిన ఓకో ఇన్‌స్టిట్యూట్ 2016లో వెలువరించిన అధ్యయనం, పరిశీలించిన ప్రాజెక్టులలో 85 శాతం వాటికి అదనపుతనం ఉండే అవకాశం తక్కువ అని తేల్చినది. హెచ్‌ఎఫ్‌సీ-23 వాయువు విషయం మరింత ప్రసిద్ధి చెందినది. శీతలీకరణ వాయువుల తయారీలో ఉపఫలంగా వచ్చే దీనికి బొగ్గుపులుసు వాయువు కంటె పది వేల రెట్లకు మించిన వేడిమి ప్రభావం ఉన్నది. దీనిని కాల్చివేస్తే వచ్చే క్రెడిట్ల విలువ అసలు సరుకు విలువను మించిపోయినందున, క్రెడిట్ల కొరకే ఎక్కువ వాయువు తయారుచేసే ప్రలోభం ఏర్పడినదని విమర్శ వచ్చినది. ఐరోపా సమాఖ్య 2013 నుండి తన విపణిలో వీటిని నిషేధించినది.

అడవుల రక్షణ క్రెడిట్లపై 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన, పరిశీలించిన ప్రాజెక్టుల క్రెడిట్లలో సుమారు 6 శాతానికే నిజమైన అదనపు తగ్గింపు ఉన్నదని పేర్కొన్నది. అదే సంవత్సరం జనవరిలో గార్డియన్ తదితర పత్రికల పరిశోధన కూడా ఇటువంటి ఆరోపణే చేయగా, వాటిని ధ్రువీకరించిన వెర్రా సంస్థ ఆ లెక్కల పద్ధతిని ఖండించినది. వంటపొయ్యిల ప్రాజెక్టులలో క్రెడిట్లు నిజమైన తగ్గింపు కంటె సగటున 9 రెట్లకు పైగా జారీ అయ్యాయని 2024లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసినది.

ఈ పరిణామాల తరువాత కొన్ని కంపెనీలు దారి మార్చుకొన్నాయి. 2019లో తన విమానాలన్నిటి ఉద్గారాలకు చెల్లు వేస్తామన్న ఈజీజెట్ 2022లో ఆ విధానాన్ని విరమించుకొంటున్నట్లు ప్రకటించినది. గూగుల్ 2023 నుండి తటస్థమన్న మాట చెప్పుకొనుట మానుకొన్నది. 2020లో తాను 2030 నాటికి విడుదల చేసేదాని కంటె ఎక్కువ తొలగిస్తానని ప్రకటించిన మైక్రోసాఫ్ట్ ఉద్గారాలు, డేటా కేంద్రాల నిర్మాణం వలన 2023 నాటికి సుమారు 29 శాతం పెరిగాయి. తొలగింపునకు ఎంత ఖర్చుచేసినా మూలంలో పెరుగుదలను ఆపకుంటే మిగులు తరగదని ఈ అనుభవం తెలుపుతున్నది.

క్రెడిట్లను సమర్థించేవారి వాదన కూడా తోసివేయదగినది కాదు. స్వచ్ఛంద కొనుగోళ్లు పూర్తిగా ఆగిపోతే అడవుల రక్షణకు, గ్రామీణ ప్రాజెక్టులకు వచ్చే సొమ్ము కూడా ఆగిపోతుంది. తప్పు లెక్కలో ఉన్నది కాని చెల్లించుటలో లేదు అని వారు అంటారు. తోడ్పాటు పద్ధతి ఈ రెండు వాదనలనూ కలుపుటకు చేసిన ప్రయత్నం.

ప్రమాణాలు, చట్టాలు

క్రెడిట్ల నాణ్యతకు ఇంటెగ్రిటీ కౌన్సిల్ అనే స్వతంత్ర మండలి 2023లో మూల సూత్రాలు ప్రకటించినది. 2024 ఆగస్టులో, అప్పటికి వాడుకలో ఉన్న పునరుత్పాదక విద్యుత్ క్రెడిట్ల పద్ధతులు ఈ సూత్రాలకు తగినట్లు లేవని నిర్ణయించినది. స్వచ్ఛంద విపణిలో భారతదేశపు క్రెడిట్లలో చాలా భాగం పవన, సౌర విద్యుత్తువే కనుక ఈ నిర్ణయానికి ఇక్కడ ప్రాధాన్యత ఉన్నది.

2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ న్యాయస్థానం, కేఎల్ఎం విమాన సంస్థ పర్యావరణ ప్రకటనలలో కొన్ని ప్రజలను తప్పుదోవ పట్టించేవని తీర్పు చెప్పినది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన ఆదేశం ప్రకారం, క్రెడిట్లు కొన్నంత మాత్రాన ఒక వస్తువును కర్బన తటస్థమని ప్రచారం చేయుట 2026 సెప్టెంబరు 27 నుండి నిషిద్ధం.

భారతదేశం 2070 నాటికి నెట్ జీరో చేరుతామని 2021లో గ్లాస్గోలో ప్రకటించినది. సెబీ నియమాల ప్రకారం 2022-23 ఆర్థిక సంవత్సరం నుండి మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదికను తప్పనిసరిగా సమర్పించవలెను. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం క్రింద 2023 జూన్‌లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటితమైనది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాలకు లక్ష్యాలు నోటిఫై అయ్యాయి. ఈ లక్ష్యాలు ఒక టన్ను సరుకుకు ఎంత ఉద్గారం అన్నదానిపై ఆధారపడినవి; ఉత్పత్తి పెరిగితే మొత్తం ఉద్గారాలు పెరుగుటకు వీలున్నది. పర్యావరణానికి మేలు చేస్తున్నామని ఆధారం లేకుండా చేసే ప్రచారాన్ని అరికట్టుటకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు జారీచేసినది.

ఒక సంస్థ ప్రకటనను పరిశీలించుట

ఏదైనా సంస్థ తన మిగులుకు బాధ్యత వహించానని చెప్పినపుడు ఈ క్రింది ప్రశ్నలు ఉపకరిస్తాయి.

1. మూడు పరిధులూ లెక్కలో ఉన్నవా?
2. గత సంవత్సరం కంటె మొత్తం టన్నులు తగ్గినవా, లేక అమ్మకాలతో పోల్చిన నిష్పత్తి మాత్రమే తగ్గినదా?
3. మిగులు అన్నది నిజంగా తప్పించలేనిదా, ఇంకా తప్పించనిదా?
4. ఏ ప్రాజెక్టుకు, ఏ సంవత్సరపు క్రెడిట్లకు, టన్నుకు ఎంత చెల్లించినది బయటపెట్టినదా?
5. చెట్లు కాలినా, పథకం విఫలమైనా నష్టం ఎవరిది? సంస్థదా, ప్రాజెక్టు జరిగే ఊరి ప్రజలదా?

ఈ అయిదవ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి బాధ్యతను సంస్థ నిజంగా వహించినదో, వేరొకరికి అప్పగించినదో తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* భూతాపం
* హరితగృహ ప్రభావం
* క్యోటో ఒప్పందం
* పారిస్ ఒప్పందం
* కానుగ
* సామాజిక వనాలు
* ఇక్రిశాట్